ఎండ వేరు, వేడి వేరు, ఉక్క వేరు

"ఎండలో తిరగొద్దు, నీళ్లు బాగా తాగు." వేసవి రాగానే ల్యూపస్ ఉన్నవాళ్లకీ ఇదే మాట, కీళ్లవాతం ఉన్నవాళ్లకీ ఇదే మాట, మల్టిపుల్ స్క్లీరోసిస్, గ్రేవ్స్ థైరాయిడ్, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకీ ఇదే మాట. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, ఒక్కోసారి హడావుడిలో ఉన్న డాక్టరు కూడా ఇంతకు మించి చెప్పరు. సలహా తప్పేమీ కాదు. కాకపోతే కొందరికి అందులో మొదటి సగం అసలు అవసరమే లేదు, ఇంకొందరికి రెండో సగం చెడు కూడా చేస్తుంది. ఇవన్నీ ఆటోఇమ్యూన్ జబ్బులే, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడికి దిగే జబ్బులే. కానీ వేసవి వీటన్నిటినీ ఒకేలా దెబ్బ తీయదు.

తెలుగులో దీనికి మూడు మాటలు ఉండనే ఉన్నాయి. ఎండ అంటే వెలుగు, పైనుంచి పడే కిరణాలు. వేడి అంటే గాలిది, గోడలది, చివరికి ఒంటిది. ఉక్క అంటే గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరకపోవడం. ఒక్కో జబ్బుకి వీటిలో ఒక్కోదానితో పేచీ. ఎవరికి దేనితో పేచీనో తెలిస్తే వేసవిలో ఏం మానుకోవాలో, ఏం మానుకోనక్కర్లేదో తేలిపోతుంది, లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా అన్నిటికీ భయపడుతూ తలుపులు వేసుకుని కూర్చోవడమే.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో ఈ తేడా ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ వేసవి ఒకటి కాదు, రెండు. కృష్ణపట్నం, మైపాడు నుంచి పైకి కొత్తపట్నం దాకా సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో ఉక్క. పడమరకు పోయి ఉదయగిరి, పొదిలి, కనిగిరి వైపు చూస్తే పొడి వడగాలి. పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజున తీరం కూడా పెనంలా కాలుతుంది. 2015 మే చివర్లో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి.

ముందు ఎండ సంగతి. దీనితో అసలు పేచీ ల్యూపస్‌ది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే జబ్బు ఇది, ముక్కుకి రెండు పక్కలా బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ రావడం దీని గుర్తు. ఎండలోని యూవీ (కంటికి కనపడని అతినీలలోహిత) కిరణాలు తగిలి చర్మంలో కొన్ని కణాలు చనిపోతాయి. అందరికీ జరిగేదే, అందరి ఒంట్లోనూ ఆ చెత్తను ఒళ్లే ఊడ్చేసుకుంటుంది. ల్యూపస్‌లో ఆ ఊడ్చే పని నెమ్మది. పైగా చనిపోయిన కణాల లోపలి సరుకు బయటపడగానే, దాన్నే శత్రువుగా చూసే యాంటీబాడీలు రక్తంలో సిద్ధంగా ఉంటాయి. అందుకే చర్మం మీద మొదలైన గొడవ కీళ్లకు, కొందరిలో కిడ్నీలకు కూడా పాకుతుంది. ఇందులో చిక్కేమిటంటే ఎండ తగిలిన రోజే మచ్చ రాకపోవచ్చు, కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో రావచ్చు. పెళ్లికి వెళ్లి ఊరేగింపులో రెండు గంటలు నిలబడిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు, నిన్న తిన్న వంకాయ మీదకు పోతుంది నింద.

యూవీకీ ఉష్ణోగ్రతకీ సంబంధం లేదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. జనం రోహిణి కార్తెకు భయపడతారు, రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తె వచ్చేది మే 25 ప్రాంతంలో. యూవీ మాత్రం సూర్యుడు ఎంత నెత్తి మీద ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది, నెల్లూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వచ్చేది ఏప్రిల్ చివర్లోనే, ఒంగోలులో ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు. రోజులో కూడా అంతే, ఒళ్లు మాడేది మూడు గంటలకైనా యూవీ ఎక్కువగా ఉండేది పదకొండు నుంచి రెండు మధ్య. యాప్ చూడక్కర్లేదు, నీడ చూస్తే చాలు. నేల మీద మన నీడ మనకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టే. పల్చటి మబ్బు దాన్ని పెద్దగా ఆపదు. కిటికీ అద్దం ఒక రకం యూవీని ఆపుతుంది, ఇంకో రకాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. అందుకని నెల్లూరు నుంచి ఒంగోలు బస్సెక్కేటప్పుడు ఉదయమైతే ఎడమవైపు, మధ్యాహ్నం దాటాక కుడివైపు సీటు పట్టుకోవడం చిన్న విషయమే అయినా పనికొచ్చే విషయం. మైపాడు బీచ్‌లో గొడుగు కింద కూర్చున్నా పూర్తి రక్షణ లేదు, పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా యూవీని తిప్పి కొడతాయి.

బట్టల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. ఎండకి తెల్లటి పల్చటి నూలు చీర మంచిదని నమ్మకం. వేడికి మంచిదే, ఎండకి కాదు. నేత వదులుగా ఉన్న పల్చటి బట్టలోంచి యూవీ దూరిపోతుంది, చెమటకి తడిస్తే ఇంకా ఎక్కువ దూరుతుంది. ల్యూపస్ ఉన్నవాళ్లకి నేత దగ్గరగా ఉన్న, కాస్త ముదురు రంగు, పొడుగు చేతుల జాకెట్టో చొక్కానో కావాలి. నల్ల గొడుగు ఉండాలి. సన్‌స్క్రీన్ కూడా వాడాలి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాస్తూ. కానీ ట్యూబు ధర చూసి బఠాణీ గింజంత రాసుకుంటే రాసుకోనట్టే. చేతిలో ఉన్న డబ్బు ముందు గొడుగుకి, పొడుగు చేతులకి పెట్టి, మిగిలింది ముఖానికీ మెడకీ చేతుల వెనక్కీ సన్‌స్క్రీన్‌కి పెట్టడం తెలివైన లెక్క. ఇంతగా ఎండకు దూరంగా ఉంటే విటమిన్ డి తగ్గుతుంది, స్టెరాయిడ్ వాడుతుంటే ఎముకలు ఎటూ పలచబడుతుంటాయి, కాబట్టి డి మాత్ర గురించి డాక్టర్ని అడగాలి. "పొద్దున్నే కాసేపు ఎండలో నిలబడు" అనే సలహా వీళ్లకి కాదు.

చర్మం మీద పొలుసులు లేచే సొరియాసిస్ దీనికి పూర్తిగా ఎదురు. చాలామందికి మితమైన ఎండ తగిలితే పొలుసులు తగ్గుతాయి. ఒకే ఇంట్లో అక్కకి ల్యూపస్, తమ్ముడికి సొరియాసిస్ ఉంటే వాకిట్లో ఎండ ఒకరికి మందు, ఇంకొకరికి జబ్బు. తమ్ముడు కూడా చర్మం కమిలేదాకా నిలబడకూడదు, కమిలిన చోటే కొత్త పొలుసు లేస్తుంది.

ఇక వేడి. మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో నరాల మీద ఉండే పొర దెబ్బతింటుంది, కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఊడినట్టు. మామూలు చల్లదనంలో ఆ నరం ఎలాగోలా పని నెట్టుకొస్తుంది. ఒంటి లోపలి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, ఆ కాస్త సంకేతం కూడా తడబడుతుంది. చూపు మసకబారుతుంది, కాలు ఈడుస్తుంది, విపరీతమైన నీరసం కమ్ముతుంది. జర్మన్ కంటి డాక్టరు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే దీన్ని గమనించి రాశాడు, వ్యాయామం చేశాక రోగుల చూపు కాసేపు తగ్గడం చూసి. శ్రమ కాదు, ఒంటి వేడి పెరగడమే దానికి కారణమని తర్వాత తేలింది. ఎంఆర్ఐలు లేని కాలంలో జబ్బుని గుర్తుపట్టడానికి రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవాళ్లు. ఆ పరీక్ష ఇప్పుడు ఆసుపత్రుల్లో లేదు గానీ మన ఇళ్లలో రోజూ జరుగుతోంది: మిట్టమధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంతగా కాలుతుంటాయి, ఆ నీళ్లతో స్నానం చేసి బయటకొచ్చి కాళ్లు సచ్చుబడ్డాయని కంగారుపడతారు. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడన పెట్టుకుంటే ఆ బాధ లేదు.

ఇలా వేడికి వచ్చిన ఇబ్బంది చల్లబడ్డాక కొద్ది గంటల్లో సర్దుకుంటుంది, కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. జ్వరం లేకుండా, చల్లగా ఉన్నా కూడా 24 గంటలు దాటి తగ్గకపోతే అప్పుడది నిజంగా జబ్బు తిరగబెట్టడం అయ్యుండొచ్చు, డాక్టరు చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక కొందరు ప్రతి మే నెలలో చెన్నైకి పరిగెడతారు, ఇంకొందరు నిజంగా తిరగబెట్టినప్పుడు కూడా ఎండ దెబ్బే అనుకుని వారం ఆగుతారు. రెండోదే ప్రమాదం. బయటికి వెళ్లే ముందే చన్నీళ్లతో స్నానం చేసి, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ పోవడం మేలు. ఒళ్లు వేడెక్కాక చల్లార్చడం కంటే ముందే చల్లబరచడం సులువు.

మయస్థీనియా గ్రేవిస్‌లో కూడా వేడికి కండరాల బలహీనత పెరుగుతుంది, కనురెప్ప వాలిపోవడం మధ్యాహ్నానికి ఎక్కువవుతుంది. వాలిన రెప్ప మీద ఐసు పెట్టి అది లేస్తుందో లేదో చూడటం డాక్టర్లు చేసే పరీక్షే. గ్రేవ్స్ జబ్బులో అయితే థైరాయిడ్ హార్మోను ఎక్కువై ఒళ్లే లోపలి నుంచి పొయ్యిలా మండుతుంటుంది, వేసవికి ముందే ఉక్కిరిబిక్కిరి, గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. వీటిని ఎండ దెబ్బ కింద జమకట్టి గ్లూకోజు పొడి కలుపుకుని తాగుతూ రెండు నెలలు గడిపేవాళ్లున్నారు. మిగతా ఇంట్లోవాళ్లు ఫ్యాను కింద మామూలుగా ఉండగా ఒక్కరికే అంత చెమటలు పడుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించడం నయం.

చల్లదనం అందరికీ మంచిదని కూడా అనుకోవద్దు. చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మాలో, కొందరు ల్యూపస్ వాళ్లలో చలి తగిలితే చేతివేళ్లు పాలిపోయి, నీలంగా మారి, నొప్పి పెడతాయి. జనవరి దాటితే ఈ బాధ పోయినట్టే అనుకుంటారు గానీ ఏసీ బస్సు, సినిమా హాలు, చేతిలో ఐసు గ్లాసు, ఇవన్నీ మే నెల చలికాలాలే.

ఉక్క దగ్గరికొస్తే, చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. తీరంలో గాలి తేమతో నిండి ఉంటే ఆరదు, కాబట్టి 37 డిగ్రీల కావలి 42 డిగ్రీల ఉదయగిరి కంటే ఒంటికి బరువుగా ఉండొచ్చు. గడ్డి తడికల కూలరు పడమటి ఊళ్లలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఇంట్లో కిటికీ తీయకుండా అదే కూలరు పెడితే గది ఆవిరి గిన్నె అవుతుంది. ఫ్యానుకీ హద్దుంది. గదిలో 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేడి గాలినే ఒంటి మీదకు కొడుతుంది. షోగ్రెన్స్ జబ్బు ఉన్నవాళ్లకి కన్నీళ్లు, లాలాజలమే కాదు, కొందరికి చెమట కూడా తక్కువే, అందుకని ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. ముఖం మీదకి ఫ్యాను తిప్పుకుంటే కళ్లు ఇంకా ఎండిపోతాయి. వాళ్లు ఒంటి మీద తడిబట్ట వేసుకుని, గాలి కాళ్ల వైపు నుంచి వచ్చేలా పెట్టుకోవాలి. ఉక్కకి చంకల్లో, తొడల మధ్య వచ్చే తామరకి మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు రాయడం మరో తలనొప్పి: వారం తగ్గినట్టు ఉండి రెట్టింపు పాకుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే వేడి ఇంకొకటి ఉంది, అది థర్మామీటర్‌కి అందదు. "వేడి చేసింది" అనే మాట. ఈ మాటని ఎగతాళి చేయనక్కర్లేదు, నీళ్లు తగ్గినప్పుడు ఒంట్లో నిజంగా జరిగే చాలా మార్పుల్ని అది పట్టుకుంటుంది. కానీ ఆటోఇమ్యూన్ మందులు వాడేవాళ్ల విషయంలో అదే మాట మూడు నాలుగు వేరు వేరు ప్రమాదాల మీద ఒకే దుప్పటి కప్పుతుంది. నోట్లో పుండ్లు తీసుకోండి. మామూలు మనిషికి అయితే సబ్జా నీళ్లు, మజ్జిగ, రెండు రోజులు చేపల పులుసు మానేస్తే పోతాయి. ల్యూపస్ ఉన్న మనిషికి నోటి పుండ్లు జబ్బు మళ్లీ రాజుకుంటోందన్న గుర్తు కావచ్చు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే మనిషికి అవి ఒంట్లో మందు మోతాదు మించిందన్న హెచ్చరిక కావచ్చు. ఆ మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారా. ఎండకి నీళ్లు తగ్గి కిడ్నీ పని మందగిస్తే అదే మోతాదు ఎక్కువై కూర్చుంటుంది, రక్తకణాలు పడిపోతాయి. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు అది, రోజూ కాదు. మిగతా రోజుల్లో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మర్చిపోయినా పుండ్లు వస్తాయి. మూత్రం విషయమూ అంతే. మంటగా, పచ్చగా వస్తే నీళ్లు తగ్గాయనుకోవచ్చు, నురగలు నురగలుగా వస్తూ పాదాలు వాస్తుంటే బార్లీ నీళ్లు తాగుతూ కూర్చోవడం కాదు, మూత్ర పరీక్ష చేయించాలి. ల్యూపస్ కిడ్నీని తాకిందేమో చూడాలి.

ఇంతకంటే చెడ్డది, మందు వేడి చేస్తోందని వేసవి మూడు నెలలు మందే మానేయడం. స్టెరాయిడ్ చాలా వారాలు వాడిన ఒళ్లు తన సొంత హార్మోను తయారీ ఆపేసి ఉంటుంది. ఉన్నట్టుండి మాత్ర ఆపితే బీపీ పడిపోయి, వాంతులు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు, అప్పుడు దాన్ని కూడా వడదెబ్బ అంటారు. ల్యూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపేస్తే ఆ వారమే ఏమీ కాదు, అందుకే ఆపినా బాగానే ఉందన్న ధైర్యం వస్తుంది, వానలు మొదలయ్యేసరికి జబ్బు తిరగబెడుతుంది. ఊళ్లో పేరు లేని కాగితంలో కట్టి ఇచ్చే నొప్పుల బిళ్లలతో ఇంకో చిక్కు, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో తినేవాళ్లకి తెలియదు కాబట్టి ఎప్పుడు ఆపకూడదో కూడా తెలియదు. మందు పడకపోతే డాక్టరుకి చెప్పి మోతాదు మార్పించుకోవాలి, కార్తె చూసి కాదు.

"నీళ్లు బాగా తాగు" అన్న సలహా ఎవరికి తేడా చేస్తుందో ఇప్పుడు చూడాలి. కిడ్నీ, గుండె బాగున్నవాళ్లు మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా తాగితే సరిపోతుంది. ల్యూపస్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి నీళ్లకీ లెక్కుంటుంది, ఉప్పుకీ లెక్కుంటుంది. వాళ్లకి పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరి బోండం రోజుకి రెండు తాగడం మంచిది కాదు, బీపీకి, కిడ్నీకి ఇచ్చే కొన్ని మాత్రలు ఎటూ పొటాషియాన్ని పెంచుతాయి. స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, ఆవకాయ కలిపే నెలలోనే కాళ్లవాపులు, బీపీ ఎక్కువవడం అందుకే. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే అడిసన్స్ అనే జబ్బులో మాత్రం వ్యవహారం తిరగబడుతుంది, వాళ్ల ఒంట్లో ఉప్పు నిలవదు, చెమటతో ఇంకా పోతుంది, ఉప్పేసిన మజ్జిగ వాళ్లకి ఆధారం. పొదలకూరు నిమ్మకాయ పిండిన నీళ్లు మిగతా అందరికీ దివ్యంగా ఉంటాయి, నోట్లో పుండ్లున్నవాళ్లకి తప్ప. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజున కీళ్లనొప్పి మాత్రలు, బీపీ మాత్రలు, మెథోట్రెక్సేట్ అలాగే మింగాలా వద్దా అని డాక్టర్ని ముందే అడిగి రాసిపెట్టుకోవాలి, నీళ్లు తగ్గిన కిడ్నీ మీద నొప్పి మాత్ర వేయడం గాయం మీద కారమే. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ వేసవిలో ఎక్కువ నీళ్లు అంటే ఎక్కువ ఫ్లోరైడు, కీళ్లు పట్టేయడం కీళ్లవాతం వల్లనా, ఫ్లోరోసిస్ వల్లనా అన్నది పరీక్షలు తేల్చాలి. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉండొచ్చు.

జ్వరం గురించి కొంచెం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకి 100.4 ఫారన్‌హీట్ దాటిందంటే ఎండ వేడి అని తీసిపారేయకూడదు. నీడలో అరగంట కూర్చుని మళ్లీ చూసుకుని, తగ్గకపోతే వెళ్లాలి. వేసవిలో ఊళ్లలో అమ్మవారు పోస్తుంది, ఆ ఇంటికి చూడటానికి వెళ్లడం మర్యాదే అయినా మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ వాడేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. పొరపాటున దగ్గరగా తిరిగితే ఒంటి మీద పొక్కు లేచేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది నిజంగా వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, వచ్చేలోగా నీళ్లు పోసి గాలి విసరాలి.

మందులకూ వేసవి ఉంటుంది. అట్ట మీద "గది ఉష్ణోగ్రత" అంటే కంపెనీ ఉద్దేశం 25 లేదా 30 డిగ్రీలు, మధ్యాహ్నం రేకుల ఇంట్లో అది నలభైకి దగ్గర. థైరాయిడ్ మాత్రల సీసా టీవీ మీద పెట్టి, మందు వాడుతున్నా రిపోర్టు బాగోలేదేమని అడిగితే ఏం చెప్పాలి? ఇన్సులిన్, కీళ్లవాతానికి చెన్నై నుంచి తెచ్చుకునే ఖరీదైన ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినా పాడవుతాయి, కాబట్టి ఫ్రీజర్లో వద్దు, రైల్లో తెచ్చేటప్పుడు ఐసుకి తగిలేలా కూడా వద్దు, మధ్యలో గుడ్డ చుట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో వాడకంలో ఉన్న ఇన్సులిన్‌కి కుండలో కుండ పెట్టి మధ్య తడి ఇసుక నింపడం పాత ఉపాయం, పనిచేస్తుంది కూడా. పొడిగాలి ఉన్న పొదిలిలో పనిచేసినంతగా ఉక్కపోసే కొత్తపట్నంలో పనిచేయదు, కారణం చెమటదే, ఆరితేనే చల్లబడుతుంది. వేడికి చర్మం కింద రక్తం వేగంగా తిరిగి ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుంది కాబట్టి ఎండన పడి పనిచేసే రోజుల్లో షుగర్ పడిపోవడం ఎక్కువ. జేబులో బెల్లం ముక్కో పంచదారో ఉండాల్సిందే.

పని మానుకుని కూర్చునే వీలు అందరికీ లేదు. ఉపాధి పనులు వేసవిలో తెల్లవారుజామునే మొదలవుతాయి కాబట్టి ల్యూపస్ ఉన్నవాళ్లు నీడ పొట్టి కాకముందే దిగిపోయే పని అడగొచ్చు, నీళ్లందించే పనో, పిల్లల్ని చూసుకునే పనో దొరికితే ఇంకా మంచిది. రొయ్యల చెరువు గట్టు మీద చెట్టు నీడే ఉండదు, మేత చల్లే పని పొద్దునకీ సాయంత్రానికీ జరుపుకోవాలి. పొగాకు గ్రేడింగు షెడ్డులో ఎండ ఉండదు, వేడీ దుమ్మూ ఉంటాయి, కాబట్టి ల్యూపస్‌కి పర్వాలేదనిపించే ఆ చోటు మల్టిపుల్ స్క్లీరోసిస్‌కి కుదరదు.

జూన్‌లో నాలుగు చినుకులు పడగానే గొడుగు అటక ఎక్కుతుంది, సన్‌స్క్రీన్ మూత బిగుస్తుంది. ఏప్రిల్ చివర్లో నెల్లూరు నడినెత్తి మీద నిలబడిన సూర్యుడు ఉత్తరానికి వెళ్లి తిరిగొస్తూ ఆగస్టు 13 ప్రాంతంలో మళ్లీ అదే చోట నిలబడతాడు, ఆ రోజు గాలి మాత్రం మే నెలలో ఉన్నంత వేడిగా ఉండదు.